ఒక్క పేజీకి ఐదు నెలలు: మా తీరం చమురు తెట్టు ప్రణాళికతో నా అనుభవం

నిన్న సాయంత్రం ఐదున్నరకు మా చమురు తెట్టు ప్రణాళికలోని 14వ పేజీ మీద ఏడో సంతకం పడింది. ఆ పేజీలో ఉన్నది ఒకే విషయం. సముద్రం మీద తేలివచ్చిన చమురు మా ఒడ్డుకు అంటితే, ఆ చమురు పట్టిన ఇసుకను ఎత్తి ముందుగా ఎక్కడ ఉంచాలి? మిగిలిన 31 పేజీలు రెండు నెలల్లో పూర్తయ్యాయి. ఈ ఒక్క పేజీ గత సెప్టెంబరు నుంచి నిన్నటి దాకా నన్ను ఆఫీసుల చుట్టూ తిప్పింది. ఆ అలసట తీరకముందే ఇది రాసి పెట్టాలని కూర్చున్నాను, ఎందుకంటే రేపు మరో తీర మండలంలో నాలాంటి ఉద్యోగికే ఈ పని అప్పగిస్తారు.

నేను విజయనగరం జిల్లాలో ఉప తహశీల్దారును. మా జిల్లాకు ఉన్న తీరం భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో కలిపి సుమారు 28 కిలోమీటర్లే. పక్కనున్న శ్రీకాకుళం తీరంతో పోలిస్తే ఇది చాలా చిన్నది. చిన్నది కాబట్టే మన దగ్గర ఏమీ జరగదన్న ధీమా అందరిలోనూ ఉంది.

ఎవరి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే ఈ పనిలో అడుగు ముందుకు పడదు. సముద్రం మీద చమురు ఒలికితే దాన్ని ఎదుర్కొనే బాధ్యత భారత తీర రక్షక దళానిది. జాతీయ చమురు తెట్టు విపత్తు ప్రణాళిక ప్రకారం దేశమంతటికీ సమన్వయ సంస్థ అదే. 700 టన్నుల లోపు ఒలికితే మొదటి స్థాయి, 10,000 టన్నుల దాకా రెండో స్థాయి, అది దాటితే మూడో స్థాయి. రేవులు, చమురు దించుకునే సంస్థలు మొదటి స్థాయిని సొంత సామగ్రితో ఎదుర్కోగలగాలి. అయితే చమురు ఇసుకను తాకిన క్షణం నుంచి పని రాష్ట్రానిది, అంటే చివరికి జిల్లాది, మండలానిది, పంచాయతీది. ఓడలూ హెలికాప్టర్లూ చేసే పని మీద పుస్తకాలు ఉన్నాయి, విన్యాసాలు జరుగుతాయి. పారలు పట్టుకుని ఒడ్డున నిలబడే కూలీలు ఎత్తిన ఇసుక ఎక్కడికి వెళ్లాలో రాసి పెట్టిన కాగితం మా దగ్గర లేదు. నాకు అప్పగించింది ఆ అధ్యాయమే.

ఫోన్ల పట్టిక నాలుగు రోజుల్లో అయిపోయింది. అందులో వ్యక్తుల పేర్లు రాయకుండా హోదాలు, కార్యాలయపు నంబర్లు మాత్రమే రాశాను. తీర రక్షక దళం 1554 నంబరును పై వరుసలోనే పెట్టాను.

తీరం పటం గీయడం నాకు సంతోషాన్నిచ్చిన పని. ఆ 28 కిలోమీటర్లూ మూడు విడతలుగా నేనే నడిచాను. ముక్కాం నుంచి చింతపల్లి దీపస్తంభం దాకా, కోనాడ దాకా, ట్రాక్టరు ఒడ్డు వరకు రాగల బాటలెన్ని, సరుగుడు తోటల మధ్య చక్రం దిగబడిపోయే చోట్లెన్ని, ఎండుచేపలు ఆరబెట్టే మెరకలు ఎక్కడెక్కడ ఉన్నాయి, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక ఎక్కడ అన్నవి చేత్తో రాసుకున్నాను. ఇంత వివరంగా మా తీరాన్ని కాగితం మీద పెట్టినవారు నాకు ముందు ఎవరూ లేరని ధైర్యంగా చెప్పగలను. ఈ గొప్పలో సగం వాటా కోనాడ మత్స్యకారులది. చంపావతి నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తేలే అడ్డుకట్ట, అంటే బూమ్, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తిన్నగా కడతామని నేను పటంలో గీత గీస్తే, ఒక పెద్దాయన వేలితో దాన్ని చెరిపేశాడు. "అమ్మా, పోటు మీద మొగ కాడ నీరు దూసుకుని లోపలికి ఎల్లిపోద్ది. అడ్డంగా కడితే నిలబడదు. వాలుగా కట్టాల," అన్నాడు. తర్వాత చదివితే తెలిసింది, ప్రవాహం సుమారు 0.7 నాట్లు, అంటే గంటకు 1.3 కిలోమీటర్లు దాటితే దానికి అడ్డంగా నిలిపిన బూమ్ కింద నుంచి చమురు జారిపోతుందట. ఆయన నాట్ అన్న మాట ఎన్నడూ విని ఉండడు, కానీ చెప్పింది అక్షరాలా అదే.

ఇక ఆ 14వ పేజీ సంగతి.

ఒడ్డున చమురు పడితే చమురు ఒక్కటే ఎత్తం. దానితో పాటు ఇసుక, నాచు, సరుగుడు పుల్లలు, తెగిన వలముక్కలు, పనివారి చేతితొడుగులు, గోనెసంచులు అన్నీ చేరతాయి. ఒలికిన చమురుకు ఎన్నో రెట్లు వ్యర్థం తయారవుతుంది. జాగ్రత్త లేకుండా యంత్రాలతో తవ్వితే అది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే పైన రెండు మూడు అంగుళాల పొరకు అంటిన చమురు కోసం యంత్రం మూరెడు లోతు ఇసుకను పెకలిస్తుంది. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు తీరంలో రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికినప్పుడు, మనుషులు బకెట్లతో ఆ మడ్డిని ఎత్తిన దృశ్యం దేశమంతా చూసింది. బకెట్టు చాలదన్నది అందరికీ అర్థమైంది. బకెట్టు నిండాక దాన్ని ఎక్కడ ఒంపాలన్న ప్రశ్న కొందరికే తట్టింది. ఆ మడ్డి నింపిన సంచులను ఒడ్డునే వదిలేస్తే ఎండకు చిరిగి, చమురు మళ్లీ ఇసుకలోకే దిగుతుంది.

అందుకని పోటు గీతకు పైన, ఊరి బావులకు దూరంగా, లారీ వచ్చే చోట ఒక స్థలం ముందే నిర్ణయించాలి. నేను మొదట చూపిన స్థలం సరుగుడు తోట పక్కది. అది తమ పరిధిలోనిదని ఒక కార్యాలయం వెనక్కు పంపింది. రెండోది పంచాయతీ స్థలం. తీర్మానం కావాలన్నారు. తీర్మానం తెస్తే, తీర ప్రాంత నియంత్రణ పరిధిలో ఉంది కనుక కుదరదని మరో కార్యాలయం నోటిమాటగా చెప్పింది. ప్రమాదకర వ్యర్థాల అనుమతి లేకుండా ఇసుక రేణువైనా నిల్వ చేయకూడదని ఇంకొకరు అన్నారు. ఎవరూ కాగితం మీద రాయలేదు. అందరూ ఫైలు వెనక్కు ఇచ్చారు, అంతే.

నవంబరులో తొమ్మిది శాఖల సమన్వయ సమావేశం జరిగింది. నేను పటం పరిచి చెప్పడం మొదలుపెట్టగానే ఒక అధికారి, ఆయన పేరూ శాఖా ఇక్కడ రాయను, మధ్యలో ఆపారు. "మన జిల్లాకు రేవే లేదు. ఈ చమురు ఏ దారిన వస్తుందమ్మా, ఆకాశం నుంచా?" అన్నారు. గదిలో నవ్వు లేచింది. నేను జవాబు చెప్పబోతుండగానే, "తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో ఏ నిబంధన కింద ఇక్కడ వ్యర్థాలు వేయవచ్చో ముందు అది చెప్పండి," అన్నారు. నాకు తెలియదు. చెప్పలేకపోయాను. ఆయన నా పత్రాన్ని బల్ల అంచుకు తోసి, "చదువుకోకుండా సమావేశాలకు రాకూడదు. మీ తహశీల్దారు గారు వచ్చి చెబితే వింటాం, మీరు కూర్చోండి," అన్నారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో తుపాను రాత్రులు ఆశ్రయ భవనాల్లో గడిపిన నేను, ఆ రోజు వెనక వరుసలో కూర్చుని రెండు గంటలు తల ఎత్తలేదు. మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు.

ఆ రాత్రి నుంచి నేను రెండు పనులు చేశాను.

మొదటిది, చమురు ఏ దారిన వస్తుందో లెక్క కట్టడం. విశాఖపట్నం రేవు నుంచి భోగాపురం తీరానికి సముద్రం మీద సరళరేఖలో సుమారు 45 కిలోమీటర్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం ఈశాన్యంగా, అంటే విశాఖ నుంచి మన వైపే సాగుతుంది. అక్టోబరు తర్వాత అది తిరగబడి నైరుతి వైపు సాగుతుంది, అప్పుడు ఉత్తరాన జరిగిన ప్రమాదం మన మీదకు వస్తుంది. శ్రీకాకుళంలో మూలపేట రేవు పూర్తయ్యాక ఈ రెండో సంగతి ఇంకా ముఖ్యమవుతుంది. ప్రవాహం అర నాట్ మాత్రమే అనుకున్నా రోజుకు 22 కిలోమీటర్లు. చమురు గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో కూడా కదులుతుంది కనుక, గంటకు 20 కిలోమీటర్ల నైరుతి గాలి ఉంటే మరో 14. రెండూ కలిపితే రోజుకు 36 కిలోమీటర్లు. అంటే వేసవిలో విశాఖ దగ్గర తెల్లవారుజామున ఒలికిన చమురు మరునాడు మధ్యాహ్నానికి మా ఒడ్డున ఉండవచ్చు. అసలైన ప్రమాదంలో ఈ అంచనాను హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ తన నమూనాలతో కచ్చితంగా ఇస్తుంది. నా లెక్క ఆ గదిలోని ప్రశ్నకు జవాబు చెప్పడానికి సరిపోయింది. రేవు లేకపోవడం మనకు రక్షణ కాదు. రేవు ఉన్నచోట బూమ్‌లు, నీటి మీది చమురును తోడే స్కిమ్మర్లు, శిక్షణ పొందిన మనుషులు ఉంటారు. మనకు పారలే ఉన్నాయి.

రెండో పని నిబంధనలు చదవడం. 2019 తీర ప్రాంత నోటిఫికేషన్, 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు రెండూ వరుసగా మూడు ఆదివారాలు చదివాను. చదువుతుంటే నా తప్పు నాకు దొరికింది. ఏదో పాత నమూనా నుంచి ఎత్తి రాసిన నా 14వ పేజీ శీర్షిక "వ్యర్థములు వేయు స్థలము". తీరంలో వ్యర్థాలు వేయడం నిషిద్ధం. అందరూ ఆ ఒక్క మాట చూసి ఫైలు మూసేస్తున్నారు. నేను అడుగుతున్నది వేయడానికి కాదు, అక్కడి నుంచి తరలించేదాకా ఉంచడానికి. ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో నిల్వకు 90 రోజుల గడువు ఉంది. కాబట్టి శీర్షికను "తరలింపునకు ముందు తాత్కాలికంగా ఉంచు స్థలము" అని మార్చి, కింద షరతులు రాశాను: అడుగున మందమైన పాలిథిన్ పొర రెండు వరుసలు, చుట్టూ గట్టు, పైన వానకు కప్పు, ఇసుక వేరుగా, వలలూ పుల్లలూ వేరుగా, చేతితొడుగులు వేరుగా, ప్రతి బండికీ రిజిస్టరులో నమోదు, 90 రోజుల లోపు పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి తరలింపు.

స్థలం కూడా మార్చాను. ఆ ఆలోచన నాది కాదు. మొగ దగ్గర నా గీత చెరిపిన ఆ పెద్దాయనే, ప్రభుత్వ భూమిలో ఎవరో తవ్వి వదిలేసిన రొయ్యల చెరువు ఒకటి ఉందని చూపించాడు. అది పోటు గీతకు 500 మీటర్ల అవతల ఉంది. అడుగు బంకమట్టి, చుట్టూ గట్టు ముందే ఉంది. ఇన్ని కార్యాలయాలకూ నాకూ కనిపించని స్థలం అది.

ఇంత చేసినా డిసెంబరంతా ఒక కార్యాలయంలో ఫైలు కదలలేదు. వెళ్లిన ప్రతిసారీ గుమాస్తా బయటి బెంచీ చూపించాడు. జనవరిలో నేను ఒక లేఖ రాశాను. "తమ అభ్యంతరమేమిటో, ఏ నిబంధన ప్రకారమో లిఖితపూర్వకంగా తెలియజేయగోరుతున్నాను. దానిని ప్రణాళికలో యథాతథంగా చేర్చి పైకి పంపగలను," అని రాసి, ముట్టినట్టు సంతకమూ ముద్రా తీసుకున్నాను. పదకొండు రోజులకు ఫైలు ఏ అభ్యంతరం లేకుండా తిరిగి వచ్చింది. నోటితో చెప్పిన అభ్యంతరాన్ని అభ్యంతరంగా లెక్కపెట్టవద్దని ఈ పని చేయబోయేవారికి నా గట్టి సలహా. ఆ బెంచీ మీద నేను పోగొట్టుకున్న నెల రోజులు ఎవరూ పోగొట్టుకోకూడదు. ప్రభుత్వ కొలువులో ఉండి మరో ప్రభుత్వ ఉద్యోగిని బయట కూర్చోబెట్టేవారు, చమురు వచ్చిన రోజున అదే ఫైలు కోసం పరుగెత్తాల్సి వస్తుందని గుర్తుంచుకోవాలి.

నష్టపరిహారం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1992 నాటి అంతర్జాతీయ చమురు కాలుష్య పరిహార ఒప్పందాల్లో మన దేశం ఉంది. ట్యాంకరు ఓడ నుంచి ఒలికిన చమురుకు పరిహారం అడిగే దారి ఉంది, కానీ ఆధారాలు చూపాలి. పడవ రిజిస్ట్రేషన్, అంతకుముందు సంవత్సరాల వేట లెక్కలు, తేదీతో ఉన్న ఫోటోలు, శుభ్రం చేసిన కూలీల మస్టర్లు, అంటే హాజరు పట్టీలు కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, ఆ రోజుల్లో చమురు వస్తే నష్టమేముందని అడిగేవారు ఉంటారు. ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. వారికోసం ప్రణాళికకు ఒక అనుబంధ పట్టిక చేర్చాను. ముక్కాం, కోనాడల్లో ఇప్పటికి 112 మంది పేర్లు రాయించాం.

నిన్న సంతకం పడ్డాక ఒక నకలు తీసుకుని కోనాడ వెళ్లి, ఆ పెద్దాయనకు 14వ పేజీ చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. చెరువు దాకా లారీ వెళ్లే దారి రాసిన చోట నన్ను ఆపి, "ఆ కల్వర్టు లారీని మొయ్యదమ్మా, ట్రాక్టరు దాకా పర్లేదు," అన్నాడు. ఆయనతో కలిసి వెళ్లి చూశాను. కల్వర్టు ఒక పక్క కుంగి ఉంది. లారీలు రోడ్డు మీదే ఆగాలని, అక్కడి నుంచి చెరువు దాకా ట్రాక్టర్లే వాడాలని రాత్రి ఒక అనుబంధం రాశాను. సోమవారం ఉదయం దాన్ని ఏడు కార్యాలయాలకూ నేనే పట్టుకెళ్లి, ముట్టినట్టు సంతకాలు తీసుకుంటాను.