అద్దె గొంగడి

పదకొండున్నర దాటింది, నిద్ర రావట్లేదు. రేపు చిన్నదాని కాలేజీలో ఫ్రెషర్స్ పార్టీ, సీనియర్లు పెట్టిన థీమ్ పల్లెటూరు. హన్మకొండ చౌరస్తా దగ్గర డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులో గొంగడి, తలపాగా, కర్ర తెచ్చుకుంది. అద్దె 500, డిపాజిట్ 1000. మామయ్య గొంగడి బీరువా మీద మూటలో ఉండగా!

అడిగితే "అది గుచ్చుతది మమ్మీ, వాసన కూడా, ఫొటోల్ల విలేజ్ లుక్ రాదు" అంది. ఊరి నుంచి వచ్చినదానికి ఊరి లుక్ రాదట. షాపుదేమో పాలిస్టర్ గుడ్డ, అంచుకు పెయింట్ గీత. అసలు గొంగడి గొర్రె ఉన్నితో నేసి చింతగింజల గంజి పెడతారు, అందుకే ఆ బిరుసు, గొర్ల వెంట తిరిగేటోళ్లకు వానకు అదే, రాత్రి పక్కకూ అదే అని నేను చెప్తుంటే అది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది.

అంతకన్నా మండింది ఇంకోటి. వాళ్ల గ్రూపులో ఒక పిల్లగాడు మొహానికి మసి పూసుకుని, చిరిగిన బనీన్‌తో ఫొటో పెట్టాడు, రైతు అట. కింద అన్నీ నవ్వు బొమ్మలే. మన రైతు మార్కెట్‌కు వస్తే తెల్లంగి, భుజాన తువ్వాల వేసుకుని వస్తాడు కదా, వీళ్లు ఎన్నడూ చూళ్లేదా?

మా డిగ్రీ ఫేర్‌వెల్‌కు రాజులూ రాణుల థీమ్. మా క్లాసుల కరీమాబాద్ నుంచి వచ్చే ఒక పిల్ల రుద్రమదేవిగా వస్తానంటే పట్టుచీర, వడ్డాణం అనుకున్నాం. వాళ్లన్న ప్యాంటు, షర్టు, తలపాగాతో దిగింది. "శాసనాల్ల రుద్రదేవ మహారాజు అని ఉంటది, మీకేం తెల్సు" అని మాకే క్లాసు. అట్టముక్క కత్తికి వెండి కాగితం చుట్టింది, అది బస్సులోనే విరిగితే టేపు అంటించింది, ఇక సాయంత్రమంతా అది వంగిపోతూనే ఉంది, ఆమె మాత్రం పిడి మీద చెయ్యి తియ్యలేదు. ఒక సారు వచ్చి "బ్యాండోళ్లు మిగతావాళ్లేరి బాబూ?" అన్నారు. ప్రైజేమో ఏ రాణో తనకే తెలియని పట్టుచీర పిల్లకు పోయింది. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు మహారాజు.

ఇది రాస్తుంటే నా కోపం నాకే కొంచెం ఎక్కువనిపిస్తోంది. అట్టకత్తి రుద్రమకు అవమానం కాకుంటే పాలిస్టర్ గొంగడి మామయ్యకు ఎందుకవుతుంది? అత్తమ్మ బాధపడుతుందని నేను దాన్ని దాచబోతే, ఆమె తీసి చిన్నదాని తల మీదుగా వేసి, మామయ్య ఎట్ల వేసుకునేవారో చూపించి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "డ్యాన్స్ చేస్తవట గద, తాతదైతే ఉడికిపోతవ్, ఇదే మంచిగుంది" అంది. సరే, గొంగడి వరకు ఒప్పుకున్నా. ఆ మసి మొహం మాత్రం నాకిప్పటికీ నచ్చలేదు.

ఎల్లుండి పొద్దున 11 లోపు తిరిగి ఇవ్వకపోతే ఇంకో రోజు అద్దె పట్టుకుంటారట. పార్టీ అయ్యాక ఈమె మధ్యాహ్నం దాకా లేవదు. ఆ కర్ర స్కూటీ మీద అడ్డంగా పెట్టుకుని చౌరస్తా దాకా ఎవరు పోవాలో వేరే చెప్పాలా?