లాన్‌కి ఏరేషన్ చేయించాలా వద్దా? మధురవాడలో నా అనుభవం

విశాఖ మధురవాడలోని మా అపార్ట్‌మెంట్ లాన్‌కి ఈ జూలైలో ఏరేషన్ చేయించాం. అంటే బోలు గొట్టాలు గుచ్చి మట్టిని చిన్నచిన్న ముద్దలుగా పైకి లాగేసి, గాలి, నీరు వేర్ల దాకా దిగేలా చేయడం. పని సులువే. చేయించాలని నలుగురిని ఒప్పించడానికే నా తలప్రాణం తోకకొచ్చింది.

మాది మెక్సికన్ గడ్డి. చవితి పందిరి, పుట్టినరోజు కుర్చీలు, పిల్లల క్రికెట్, అన్నీ దాని మీదే. పోయినేడాది నుంచి జనం నడిచే వైపు గడ్డి పల్చబడింది. పైపు పెడితే నీళ్లు ఇంకేవి కావు, సెల్లార్ ర్యాంపు వైపు పారిపోయేవి. లాన్ చూసే కాంట్రాక్టరు దగ్గర రెండే మందులు: యూరియా, లేకపోతే ఇంకో లోడు ఎర్రమట్టి. రెండింటికీ బిల్లు మాత్రం ఠంచనుగా వచ్చేది.

అసోసియేషన్ మీటింగులో నేను లేచి, మట్టి గట్టిపడిపోయింది, ముందు దాని సంగతి చూద్దాం అన్నాను. కాంట్రాక్టరు నా మాట పూర్తికానివ్వలేదు. "పచ్చగడ్డికి కన్నాలెట్టమంటారేటండీ బాబూ? బ్యాంకులో లెక్కలు చూసుకున్నోరికి మట్టి సంగతేటి తెలుస్తాది?" అన్నాడు. హాలంతా నవ్వింది. సెక్రటరీ ఇంకో అడుగు ముందుకేసి, "మీకు కాలక్షేపం కావాలంటే వాకింగ్ చేయండి సార్, వీడియోలు చూసి లాన్ పాడుచేయకండి" అన్నాడు. నా భార్య పక్కనే కూర్చుని ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్కరితో మాట పడనివాణ్ణి. ఆ రాత్రి అన్నం సహించలేదు. తెలియని విషయమైతే అడిగి తెలుసుకోవచ్చు, అడిగినవాడిని పదిమందిలో చులకన చేయడం ఏం మర్యాద?

మర్నాడు సాయంత్రం లాన్‌ని బాగా తడిపించాను. తెల్లారాక సెక్రటరీని పిలిచి, ఆరంగుళాల స్క్రూడ్రైవర్ ఆయన చేతికే ఇచ్చి గుచ్చమన్నాను. మందార మొక్కల పాదులో పిడి దాకా దిగింది. లాన్ మధ్యలో రెండంగుళాలు దిగి ఆగిపోయింది. తర్వాత పారతో గడ్డితో సహా చిన్న మట్టిముక్క తీయించాను. వేర్లన్నీ పైపైనే చాపలా అల్లుకుని ఉన్నాయి. కింద సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, వాటి మీద పరిచి రోలరుతో తొక్కించిన ఎర్రమట్టి. గడ్డికీ మట్టికీ మధ్య పేరుకునే ఎండు పీచు అరంగుళం దాటితే అదీ నీటిని ఆపుతుంది. మాకు అంత లేదు, కాబట్టి తప్పంతా అదిమేసిన మట్టిదే. సెక్రటరీ మాట్లాడకుండా సరే అన్నాడు. కాంట్రాక్టరు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఎప్పుడు చేయించాలన్నది ఇంకో పేచీ. సెలవులు కదా, మేలో కానిద్దాం అన్నారు కొందరు. మే ఎండకి ఆ కన్నాల్లోంచి వేర్లు ఎండిపోతాయి. అమెరికా వీడియోల్లో సెప్టెంబరు, అక్టోబరు అంటారు. అది అక్కడి చలిప్రాంతపు గడ్డి లెక్క. విశాఖలో అక్టోబరంటే భారీ వానలు, తుపాన్లు. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. బురదగా ఉన్నప్పుడు గుచ్చితే కన్నం గోడలు మెత్తినట్టయి మూసుకుపోతాయి. మన వేడిప్రాంతపు గడ్డి జోరుగా పెరిగేది తొలకరి తర్వాతే. అందుకే రెండు మంచి వానలు పడనిచ్చి, మట్టి తడిగా ఉండి చేతికి అంటుకోని రోజు చూసి మొదలుపెట్టాం. చవితి లోపు గడ్డి కోలుకోవాలన్నది కూడా నా లెక్కలో ఉంది.

పనిముట్టు వెల్డింగ్ షాపులో చేయించాను. అరంగుళం జీఐ పైపు ముక్కల్ని ఏటవాలుగా కోసి, కాలితో తొక్కే పట్టీకి వెల్డ్ చేశారు. ఏరేషన్‌కని అడుగున మేకులున్న చెప్పులు అమ్ముతారు, కొనకండి. అవి మట్టిని బయటికి తీయవు, పక్కకి నెట్టి ఇంకా బిగిస్తాయి. మూడంగుళాల లోతు, మూడంగుళాల ఎడం చాలు. పైకొచ్చిన ముద్దల్ని ఊడ్పించకండి, వానకి అవే కరిగి కలిసిపోతాయి. పైన జల్లించిన వర్మీ కంపోస్టు, ఏటి ఇసుక పల్చగా చల్లించాం. బీచ్ ఇసుక ఊరికే వస్తుందని ఎవరైనా అంటే దగ్గరికి రానివ్వకండి, ఉప్పు.

ఇప్పుడు పెట్టిన నీళ్లు పెట్టినచోటే ఇంకుతున్నాయి. బోడిగా ఉన్నచోట కొత్త పిలకలు పాకుతున్నాయి.

అందరికీ ఈ పని అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ సులువుగా దిగితే డబ్బు ఖర్చుపెట్టకండి. గడ్డి వేసి ఏడాది నిండకపోతే అసలు ముట్టుకోకండి. చెట్టు నీడకి గడ్డి చచ్చిపోతుంటే కన్నాలు ఏమీ చేయలేవు, కొమ్మలు కొట్టించుకోండి. ఈసారి చవితి పందిరి పార్కింగ్ వైపు వేయమని కమిటీకి కాగితం రాసిచ్చాను, ఇంకా జవాబు రాలేదు.