రేంజ్ రోవర్ మెత్తదనం ఎక్కడి నుంచి వచ్చింది?

కోట్ల ఖరీదు చేసే ఎస్‌యూవీల ప్రస్తావన వస్తే మాట చాలావరకు తోలు సీట్లు, పెద్ద తెరలు, బోనెట్ మీది అక్షరాల దగ్గరే ఆగిపోతుంది. నాకు మాత్రం వాటి ఆకర్షణంతా బండి అడుగున, చక్రానికీ బాడీకీ మధ్య ఉన్న జాగాలో కనిపిస్తుంది. బండరాళ్ల మీద, వాగుల్లో నడవడానికి బండికి ఏ గుణం అవసరమో, గుంతల రోడ్డు మీద లోపల కూర్చున్నవారి నడుము నిలవడానికీ అదే గుణం అవసరం. చక్రం ఎంత పైకి లేవగలదు, ఎంత కిందికి దిగగలదు అన్నదే అది. దాన్ని విలాసానికి పునాదిగా మలచుకున్న బండ్లలో మొదట చెప్పుకోవలసింది రేంజ్ రోవర్‌నే అని నా అభిప్రాయం.

దానికి ముందున్న ల్యాండ్ రోవర్‌లో సుఖం అనే ఆలోచనే లేదు. రోవర్ కంపెనీ ముఖ్య ఇంజనీరు మారిస్ విల్క్స్‌కు వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపంలో పొలం ఉండేది. అక్కడ ఆయన వాడుకుంటున్న అమెరికా యుద్ధకాలపు జీపే కొత్త బండికి ప్రేరణ అయింది. యుద్ధం తరువాత బ్రిటన్‌లో ఉక్కుకు కటకట ఉండటంతో బాడీని అల్యూమినియం మిశ్రమ లోహంతో చేశారు. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చిన ఆ బండి రైతు కోసం చేసింది, రైతు పనిముట్టులాగే నడిచేది. కింద లారీలకు ఉన్నట్టు కమాను పట్టీలు ఉండేవి. అవి బరువు మోస్తాయి, మొండిగా నిలుస్తాయి, అయితే ప్రతి గతుకునూ నేరుగా వెన్నెముకకు చేరవేస్తాయి.

విల్క్స్ మేనల్లుడు స్పెన్ కింగ్ కూడా రోవర్‌లోనే ఇంజనీరు. మెత్తని, పొడవైన స్ప్రింగులున్న కారు చేనుగట్ల మీద కూడా హాయిగా పోగలదని గ్రహించి, ఆయన తన బృందంతో కలిసి 1970 జూన్‌లో విడుదలైన రేంజ్ రోవర్‌ను తీర్చిదిద్దారు. కమాను పట్టీల స్థానంలో నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు, అంటే చుట్టలు తిరిగిన స్ప్రింగులు, వచ్చాయి. ఒక చక్రం గుంతలోకి దిగినప్పుడు దానితో పాటు స్ప్రింగు కూడా చాలినంత సాగితే, ఆ చక్రం గాలిలో వేలాడకుండా నేలను పట్టుకొని ఉంటుంది. నేలను తాకని చక్రం ఎంత తిరిగినా బండిని ముందుకు నెట్టలేదు గనుక, ఆఫ్‌రోడ్ విద్యలో సగం ఈ ఒక్క సూత్రంలోనే ఇమిడి ఉంది. అదే స్ప్రింగు రోడ్డు మీద గుంతను తాను మింగి, పైనున్నవారికి దాని సమాచారం పెద్దగా అందనివ్వదు.

ఆ బండి ఇంజను కథ కూడా ఇలాంటిదే. జనరల్ మోటార్స్ నుంచి రోవర్ హక్కులు కొనుక్కున్న 3.5 లీటర్ల అల్యూమినియం వీ8 ఇంజను బలాన్ని ఒక్క ఇరుసు మీదే మోపితే ఆ ఇరుసును లావుగా, బరువుగా చేయవలసి వచ్చేది. బలాన్ని ఎల్లవేళలా నాలుగు చక్రాలకూ పంచితే ఇరుసులు తేలిక పడతాయి, స్ప్రింగుల కింద ఊగే బరువు తగ్గుతుంది, ప్రయాణం మరింత మెత్తనవుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌ను కేవలం బురద కోసమే అనుకునేవారికి ఈ లెక్క కొత్తగా తోచవచ్చు. బోనెట్ రెండు అంచుల్లో పైకి లేచి కనిపించే ఆ కోట బురుజుల్లాంటి మూలలు సైతం ఉత్త అలంకారం కావు, ఇరుకు దారిలో బండి కొస ఎక్కడుందో డ్రైవరుకు తెలియడానికి అవి ఉపయోగపడతాయి. ఇంత చేసి లోపల పెట్టినవి వినైల్ సీట్లు! పొలం నుంచి వచ్చాక పైపు పట్టి నీళ్లతో కడిగేసుకోవచ్చు. ఈ ఆకృతిని పారిశ్రామిక రూపకల్పనకు మేలైన నమూనాగా పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శించారంటే నాకు ఆశ్చర్యం కలగదు.

1971–72లో బ్రిటిష్ సైనికాధికారి జాన్ బ్లాష్‌ఫర్డ్-స్నెల్ నాయకత్వంలో రెండు రేంజ్ రోవర్లు అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొస దాకా సాగిన యాత్రకు బయలుదేరాయి. పనామా, కొలంబియాల మధ్య రోడ్డన్నదే లేని దరియెన్ అడవిని దాటడానికి వాటికి మూడు నెలలకు పైగా పట్టింది. మోయలేని బరువు వేయడంతో డిఫరెన్షియళ్లు, అంటే ఇంజను బలాన్ని చక్రాలకు పంచే ఇరుసులోని గేర్లు, విరిగాయి, ముందు దారి చూపడానికి ఒక పాత ల్యాండ్ రోవర్‌ను తెచ్చుకోవలసి వచ్చింది. ఈ భాగాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు, కానీ నాకు ఆ యాత్రలో ఇదే ఇష్టం.

విలాసం తరువాత వచ్చింది. 1981లో నాలుగు తలుపులు వచ్చాయి, అదే ఏడు ‘ఇన్ వోగ్’ అనే, పరిమిత సంఖ్యలో చేసిన ప్రత్యేక రకం వచ్చింది. మన దగ్గర నేటికీ కొందరు ఈ బండిని ‘వోగ్’ అని పిలవడానికి మూలం అక్కడే ఉంది. 1992లో వచ్చిన ఎయిర్ సస్పెన్షన్‌తో, అంటే స్ప్రింగులకు బదులు గాలి నింపిన సంచులతో, ఎక్కడానికి బండి కిందికి వంగడం, రాళ్ల మీద పైకి లేవడం రెండూ సాధ్యమయ్యాయి. పెద్దవారిని ఎక్కించుకోవడానికి ఆ వంగడం ఎంత అవసరమో, వాగు దాటడానికి ఆ లేవడం అంత అవసరం. ఇప్పటి రేంజ్ రోవర్ 900 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడవగలదని కంపెనీ చెబుతుంది. వర్షం పడిన సాయంత్రం హైదరాబాద్ అండర్‌పాసుల్లో ఈ అంకెకు విలువ తెలుస్తుంది. ఎదురుగా వచ్చే బండి లేపే అల మాత్రం ఏ అంకెకూ లొంగదన్నది వేరే విషయం.

స్పెన్ కింగ్ తన చివరి సంవత్సరాల్లో, ఇలాంటి బండ్లను నగర వీధుల్లో, పిల్లల్ని బడికి దింపడానికి వాడేవారిని బాహాటంగానే విమర్శించారు. ఆయన మాటను కాదనలేను. అయితే ఆయన చూసిన వీధులు బ్రిటన్‌వి. అడుగడుగునా కొలతలేని స్పీడ్ బ్రేకర్లు, తవ్వి సగం పూడ్చిన కందకాలు ఉన్న మన కాలనీల్లో పొడవైన స్ప్రింగుకు పని దొరకదని ఎవరూ అనలేరు. ఒక మిత్రుని బండిలో వికారాబాద్ దాటాక అనంతగిరి వైపు మట్టిబాట పట్టినప్పుడు, తారు రోడ్డు అయిపోయిన సంగతి నాకు చక్రాల చప్పుడు వల్ల తెలిసిందే తప్ప కుదుపు వల్ల కాదు.

2008లో టాటా మోటార్స్ ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొనడంతో ఈ బండికి మనతో యాజమాన్య బంధం ఏర్పడింది. ఇంగ్లండ్‌లోని సొలిహల్‌లో తయారయ్యే రేంజ్ రోవర్‌ను పుణెలో బిగించబోతున్నట్టు 2024 మేలో ప్రకటించారు, ధర తగ్గింది కూడా. తగ్గినా రెండు కోట్లకు పైమాటే.

నా ఫిర్యాదు ధర గురించి కాదు, చక్రాల గురించి. ఇప్పుడు ఇరవై మూడు అంగుళాల చక్రాలు కూడా అమ్ముతున్నారు. చక్రం పెరిగిన కొద్దీ టైరు గోడ పలచబడుతుంది. రాళ్ల మీద గాలి తగ్గించి టైరును కాస్త పరచుకోనివ్వాలన్నా, గుంత తొలి దెబ్బను రబ్బరే కాచుకోవాలన్నా ఆ గోడ మందంగా ఉండాలి. యాభై ఏళ్ల క్రితం స్ప్రింగులతో సంపాదించిన మెత్తదనాన్ని షోరూమ్‌లో అందం కోసం తిరిగి ఇచ్చేయడం నాకు మింగుడు పడదు. కొనే స్తోమత ఉన్నవారు నా సలహా అడిగితే, దొరికే వాటిలో చిన్న చక్రాలు, మందపు టైర్లు తీసుకోమంటాను.

బరువు సంగతీ అలాంటిదే. మెర్సిడెస్ తన ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ జీ-క్లాస్‌ను విద్యుత్తుతో నడిచేలా చేసినప్పుడు నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు పెట్టింది, ఏటవాలు దారిలో నెమ్మదిగా, బలంగా కదలడానికి పనికొచ్చే లో రేంజ్ గేరును కూడా వదలలేదు. నీటిలో దిగే లోతు పెట్రోలు జీ-క్లాస్ కన్నా ఎక్కువే, 850 మిల్లీమీటర్లు. కాని ఆ బండి బరువు మూడు టన్నులు దాటింది. జర్మనీలోని రాతినేల మీద అది ఎంత బాగా నడిచినా, వానాకాలంలో కర్నూలు వైపు తడిసిన నల్లరేగడి చేలోకి దింపమంటే మాత్రం, లాగడానికి ఒక ట్రాక్టరును ముందే మాట్లాడుకొని గాని నేను దింపను.