తాలు ఏరే ఉద్యోగం

మా ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో. విత్తనాలు, పురుగుమందులు అమ్మే చిన్న కంపెనీ. అందులో నేను 'కంటెంట్' చూస్తాను. ఆ మాట అమ్మకి ఇప్పటికీ ఎక్కలేదు, ఎవరన్నా అడిగితే "కంప్యూటర్లో ఏదో రాస్తుందిలే" అని తేల్చేస్తుంది. నిజం చెప్పాలంటే నేను రాసేది తక్కువ. వారానికి రెండు సొంత వ్యాసాలు రాస్తే గొప్ప. మిగతా టైమంతా వేరేవాళ్లు రాసినవి, తీసినవి చూసి, మా మిర్చి రైతులకి పనికొచ్చేవి ఏరి వాట్సాప్ చానల్లో పెట్టడమే. దీన్ని క్యురేషన్ అంటారు. చెప్పుకోడానికి బాగుంటుంది కానీ మొదటి ఏడాది నేను చేసింది క్యురేషన్ కాదు, ఫార్వర్డింగ్.

అప్పట్లో రోజుకి ఐదు పోస్టులు టార్గెట్. పొద్దున్నే 'మిర్చి' అని వెతకడం, పైన వచ్చిన ఐదూ పెట్టేయడం, టీ తాగడం. నెలాఖరు రిపోర్టులో 150 పోస్టులు అని కనిపిస్తే సార్ హ్యాపీ, నేనూ హ్యాపీ.

2021 చివర్లో ఒక ఫోన్ వచ్చింది. ప్రత్తిపాడు వైపు నుంచి ఒక పెద్దాయన. నేను అంతకు ముందు రోజు 'మిర్చిలో తామర పురుగు నివారణ' అనే వ్యాసం లింకు పెట్టాను. "అమ్మాయ్, నువ్వు పంపింది నువ్వు చదివావా?" అన్నారు. చదివానండీ అన్నాను. పైపైన చూశానంతే. "అందులో ఉంది పైముడత గురించమ్మా. ఆకులు పైకి ముడుచుకునే రోగం. నా చేలో ఆకులు బానే ఉన్నాయి, పురుగు పూలల్లో ఉంది. రెండు పూలు అరచేతిలో దులిపితే నల్లగా పాకుతున్నాయి. పూత మొత్తం రాలిపోతోంది. నువ్వేమో ఆకుల గురించి పంపావు."

వ్యాసం తేదీ చూస్తే ఎప్పుడో ఏళ్ల కిందటిది. అందులో తప్పేం లేదు, రాసిన రోజున అది సరైనదే. కానీ ఆ సీజన్లో మన జిల్లాల్ని ముంచింది మామూలు తామర పురుగు కాదు, నల్ల తామర పురుగు. 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిన పురుగు, 2021లో మన మిర్చి మీద పడింది. పాతదానికీ దీనికీ పేరులో సగం ఒకటే, తీరు వేరు. పాతది లేత ఆకుల రసం పీల్చి ముడత తెస్తుంది, ఇది పూలల్లో చేరుతుంది. వెతికితే రెండూ 'తామర పురుగు' అనే వస్తాయి. సెర్చ్‌కి ఆ తేడా తెలియదు. తెలియాల్సింది జీతం తీసుకునే నాకు.

ఆ సంక్రాంతికి పెదనందిపాడు దగ్గర పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. కల్లంలో కాయలు ఎండబోసి ఉన్నాయి, ఒక పక్కన నలుగురు ఆడవాళ్లు తాలు ఏరుతున్నారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కానీ ఎప్పుడూ కూర్చుని చూళ్లేదు. కుప్పలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు ముందుకు లాగుతారు, వేళ్లతో పల్చగా పరుస్తారు, తెల్లబడ్డదీ మచ్చపడ్డదీ పక్కకి పోతుంది, ఎర్రది అక్కడే ఉండిపోతుంది. నోరు మాత్రం సీరియల్ కథలో ఉంది. మధ్యలో ఒకావిడ ఒక కాయ పట్టుకుని ఆగిపోయింది, చెవి దగ్గర ఆడించింది, గింజ గలగలమనలేదు, "ఇది ఆరలేదు" అని మూడో కుప్పలో వేసింది. నా కంటికి అది నిగనిగలాడే ఎర్ర కాయ, నేనైతే మంచిదానికింద లెక్కేసేదాన్ని. అలాంటివి నాలుగు బస్తాలో పడితే చుట్టుపక్కల కాయలకి కూడా బూజు పట్టిస్తాయట.

ఇంకోటి కూడా గమనించాను. తాలు పారెయ్యరు. వేరే బస్తాలో కడతారు, మిర్చి అమ్మే మార్కెట్ యార్డులో దానికీ రేటు ఉంటుంది, తక్కువ రేటు. గుంటూరోళ్లకి ప్రతిదీ మిర్చితో పోల్చే జబ్బు ఉందని నాకూ తెలుసు, అయినా నా పద్ధతి మారింది మాత్రం ఆ కల్లం నుంచే.

ఇప్పుడు నా దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉంది. లింకు, ఎవరు రాశారు, ఏ తేదీ, ఏ నేలకి, ఆఖరి గడిలో 'ఎందుకు'. ఈ చివరి గడిలో ఒక్క వాక్యం నా సొంత మాటల్లో రాయలేకపోతే ఆ లింకు చానల్లోకి పోదు. సింపుల్‌గా అనిపిస్తుంది కానీ పొద్దున్న తీసిన యాభై లింకుల్లో నలభై అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే 'ఎకరాకి పది లక్షలు' అని థంబ్‌నెయిల్ ఉన్న వీడియోకి ఎందుకు అన్న ప్రశ్నకి జవాబే ఉండదు. మంచివే కానీ ఇప్పటికి అక్కర్లేనివి వేరే షీటులో పడేస్తాను. నారుమడి గురించి డిసెంబర్లో దొరికిన వ్యాసం జూన్‌లో పనికొస్తుంది. అయితే బయటికి తీసేటప్పుడు తేదీ పైనే వేస్తాను, 'ఇది ఏసీ సరుకు' అని. యార్డులో కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన కాయకి ఆ పేరు ఉంది కాబట్టి మా రైతులకి వేరే వివరణ అక్కర్లేదు.

తేదీ లేని ఫోటోలంటే నాకు చిరాకు. ముఖ్యంగా రేట్లవి. మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చి గేట్లు మూసిన రోజుల్లో కూడా 'ఈరోజు గుంటూరు మిర్చి ధరలు' అని ఒక ఫోటో తిరుగుతూనే ఉంటుంది. ఏ రోజు?

కాపీ కొట్టడం కూడా మానేశాం. మొదట్లో వ్యాసం మొత్తం పేస్ట్ చేసి కింద చిన్న అక్షరాల్లో 'సేకరణ' అని పెట్టేవాళ్లం, ఆ మాట రాస్తే పాపం పోతుందన్నట్టు. ఇప్పుడు రెండు మూడు వాక్యాలు నావి, రాసినవాళ్ల పేరు, లింకు. అంతే. ఈ మధ్య ఆ రెండు వాక్యాలు ఏఐతో రాయిద్దామని చూశాను, మందు మోతాదు ఉన్న వ్యాసమిస్తే చక్కటి తెలుగులో కుదించింది, 'లీటరు నీటికి' అన్న ముక్క ఎగరగొట్టేసి. ఇక మోతాదులున్నవి నేనే కుదిస్తున్నాను.

అసలు గొడవ మాత్రం ఆఫీసులోనే జరిగింది. నల్ల తామర పురుగు మీద గుంటూరు పక్కనున్న లాం వ్యవసాయ పరిశోధనా స్థానం వాళ్లూ మిగతా శాస్త్రవేత్తలూ చెప్పినదాంట్లో ముఖ్యమైన ముక్క, మందు మీద మందు కొట్టొద్దని. ఇష్టమొచ్చినట్టు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చి ఇది ఇంకా పెరుగుతుంది, నీలం జిగురు అట్టలు పెట్టుకోండి, వేప నూనె వాడండి అని. నేను అది ఏరి పెట్టాను. మేం అమ్మేది పురుగుమందులు. సేల్స్ వాళ్లు మధ్యాహ్నానికల్లా నా టేబుల్ చుట్టూ చేరారు. "మన చానల్లో మనమే కొనొద్దని చెప్పుకుంటామా?"

సార్ ముందు నేను పెద్ద స్పీచ్ ఏమీ ఇవ్వలేదు, టెన్షన్‌తో నోరు కూడా పెగల్లేదు. మన ప్రొడక్టుల పోస్టులు ఎలాగూ మన ప్రచారమేనని వాళ్లకి తెలుసు సార్, మిగతావైనా మనకి లాభం లేకుండా పెడతామని నమ్మితేనే చానల్ తెరుస్తారు, అని మాత్రం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. పోస్టు తీసెయ్యమని మాత్రం అనలేదు. రిపోర్టులో మాత్రం ఇప్పటికీ పోస్టుల లెక్కే అడుగుతారు. నేను ఈ మధ్య పక్కన ఇంకో అంకె వేసి పంపుతున్నాను, చూసి వదిలేసినవి ఎన్ని అని. దాని గురించి ఆయన ఇంకా ఏమీ అనలేదు.

ప్రత్తిపాడు పెద్దాయన్ని నేనిప్పుడు బాబాయ్ అంటున్నాను. ఎక్కడెక్కడి వీడియోలూ ఆయనే నాకు పంపుతుంటారు. మొన్న రాత్రి పది గంటలకి ఒకటి పంపి, కింద వాయిస్ మెసేజ్ పెట్టారు: "అమ్మాయ్, ఇది కొత్త కాయా, ఏసీ సరుకా? పొద్దున్న చూసి చెప్పు. అప్పటిదాకా నేను ఎవరికీ పంపను."