పదకొండేళ్లు మూలనున్న మియాటా, మళ్లీ ట్రాక్ మీదికి

నా బండి 1991 మాజ్దా మియాటా, 1.6 లీటర్ ఇంజిన్, రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే ఉక్కు గొట్టాల పంజరం) వేసిన స్పెక్ మియాటా తరగతి కారు, అంటే అందరూ దాదాపు ఒకేలాంటి మియాటాలతో పోటీపడే తరగతి. 2012లో గ్యారేజీలో పెట్టి కవరు కప్పాను. 2023లో, 52వ ఏట మళ్లీ దింపాను. అప్పట్లో నేను ఎక్కువగా తిరిగిన కాలేజ్ స్టేషన్ ఊళ్లోని టెక్సాస్ వరల్డ్ స్పీడ్‌వే ట్రాక్ 2017లో మూతబడింది. ఇప్పుడు డల్లాస్ వైపు ఉండేవాళ్లకు క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్ దగ్గర. ఇక్కడి తెలుగువాళ్లలో కొందరు ట్రాక్ డేలకు (పోటీ లేకుండా సొంత బండిని ట్రాక్ మీద నడిపే రోజులకు) వస్తున్నారు, వాళ్లలో 45 దాటి తిరిగి మొదలుపెడదామనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని ఏ వరుసలో ఏం చేశానో రాస్తున్నాను. ఆ వరుస ముఖ్యం. చాలామంది ఇంజిన్‌తో మొదలుపెడతారు. తేదీ ముద్ర ఉన్న సామాను ముందు చూడాలి, రబ్బరుతో చేసినవన్నీ తర్వాత, ఇంజిన్ ఆ తర్వాతే.

సామాను చూసే ముందు ఒక్క ఫోన్ చేయాలి. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) పోటీ లైసెన్సు గడువు తీరి ఇన్నేళ్లయితే ఏం చేయాలో మీ ప్రాంతపు లైసెన్స్ బాధ్యుడు చెబుతాడు. నన్ను డాక్టరు పరీక్ష ఫారంతో పాటు డ్రైవర్ స్కూలు మళ్లీ చేయమన్నారు. చిన్నతనంగా అనుకోవద్దు. అడక్కపోయినా నేను స్కూలుకే వెళ్లేవాణ్ని. జెండాల నిబంధనలు, స్టార్టు పద్ధతి, ఎవరు ఎవరికి దారివ్వాలన్నది గుర్తున్నాయనుకుంటాం గానీ సగం గుర్తుంటాయి. బండి లాగ్‌బుక్ వెతికి పెట్టుకోండి. వార్షిక తనిఖీ ముద్ర అందులోనే పడుతుంది.

తేదీల్లో మొదట హార్నెస్, అంటే రేస్ సీటు బెల్టులు. ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య) ముద్ర ఉన్న బెల్టు లేబుల్ మీద ఏ సంవత్సరం తర్వాత చెల్లదో అచ్చువేసి ఉంటుంది. తయారైన ఏడాది నుంచి అయిదేళ్లే. బెల్టు చూపుకు కొత్తగా కనిపించినా ఎండ, చెమట, దుమ్ము నైలాన్, పాలిస్టర్ పోగుల బలాన్ని తినేస్తాయి. నా బెల్టులకు 2016తోనే కాలం చెల్లింది. ఆరు పాయింట్లవి కొత్తవి వేశాను. బిగించేటప్పుడు రెండు సంగతులు. నడుం పట్టీ పొట్ట మీద కాదు, కటి ఎముకల మీద కూర్చోవాలి. ముందు దాన్ని బిగించాకే భుజాల పట్టీలు లాగాలి. భుజాల పట్టీలు భుజం ఎత్తు నుంచి వెనక్కి అడ్డంగా గానీ 20 డిగ్రీలకు మించకుండా కిందికి గానీ వెళ్లాలి. అంతకన్నా కిందికి దిగితే ఢీకొన్నప్పుడు వెన్నెముకను నిలువునా నొక్కుతాయి. ఇన్నేళ్లలో నడుం కొలత మారి ఉంటుంది కాబట్టి పాత కొలతల మీద బిగించి వదిలేయొద్దు. సూటు, హెల్మెట్ వేసుకుని కూర్చునే బిగించాలి.

హెల్మెట్‌కు స్నెల్ (హెల్మెట్లను పరీక్షించే సంస్థ) వారి ఎస్‌ఏ ముద్ర కావాలి. మోటార్‌సైకిళ్ల కోసం ఇచ్చే ఎం ముద్ర ఇక్కడ చెల్లదు. ఎస్‌ఏ పరీక్షలో మంట తట్టుకునే గుణాన్నీ, రోల్ కేజ్ గొట్టం లాంటి గట్టి దిమ్మకు తగిలితే ఏమవుతుందన్నదాన్నీ చూస్తారు. ప్రమాణం అయిదేళ్లకోసారి మారుతుంది. నా దగ్గరున్నది ఎస్‌ఏ2010, పక్కన పెట్టి ఎస్‌ఏ2020 కొన్నాను. తల మెడను పట్టి ఉంచే హాన్స్ లాంటి పరికరం విషయంలో రాజీ అసలే వద్దు. ఎదురుగా గోడకు కొట్టినప్పుడు మొండెం బెల్టులతో ఆగిపోతుంది, హెల్మెట్ బరువుతో తల ముందుకు పోతుంది, పుర్రె అడుగు విరుగుతుంది. 2001లో డేటోనా రేసులో నాస్కార్ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ మరణం తర్వాతే ఈ పరికరం గురించి అందరూ గట్టిగా ఆలోచించారు. ఎస్ఎఫ్ఐ (అమెరికాలో రేస్ సామాను భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ) 38.1 ముద్ర ఉన్న పరికరాన్ని అయిదేళ్లకోసారి తిరిగి తనిఖీకి పంపాలి. కట్టు తాళ్లు మార్చి కొత్త తేదీ వేసి పంపుతారు. సూటు సంగతికి వస్తే ఎస్ఎఫ్ఐ 3.2ఏ/5 అంటే రెండో స్థాయి కాలిన గాయం కావడానికి సుమారు 10 సెకన్లు, ఒక్క పొరది 3.2ఏ/1 అయితే 3 సెకన్లు. ఆ పది సెకన్లలోనే బెల్టు విప్పి బయటపడాలి. అందుకే గ్యారేజీలో కళ్లు మూసుకుని పది సార్లు దిగే సాధన చేశాను. కొత్త సీటుకు తల పక్కన రెక్కలున్నాయి. హాన్స్ వాటికి తగులుకుంటుందని అప్పుడే తెలిసింది. తల ముందు వంచి, తర్వాత భుజం తిప్పాలి.

ఇక రబ్బరు, ద్రవాలు. బ్రేక్ ద్రవం గాల్లో తేమ పీలుస్తుంది. డాట్4 ప్రమాణం ప్రకారం పొడిగా 230 డిగ్రీలకు తక్కువ కాకుండా మరగాలి, తేమ చేరాక ఆ హద్దు 155కు దిగుతుంది. ట్రాక్ మీద కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దగ్గర ఆ వేడి తేలిగ్గా వస్తుంది. పెడల్ నేలకు తగులుతుంది. పాతదంతా తీసి రేసింగ్ ద్రవం లీటరు పోశాను. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 పొడిగా 312, తేమతోనూ 200 డిగ్రీలకు పైనే. డాట్5 సిలికాన్ జోలికి మాత్రం పోవద్దు, వీటితో కలవదు. చక్రాల దగ్గర గాలి తీసే వరుస కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. ఇక్కడ ఒక తప్పు చాలామంది చేస్తారు. ఏళ్లుగా కదలని మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే భాగం) పెడల్‌ను నేల దాకా తొక్కి గాలి తీస్తారు. రోజూ సీల్ తిరిగే చోటు నున్నగానే ఉంటుంది, దానికి అవతలి భాగంలో తుప్పు, గార పేరుకుని ఉంటాయి. సీల్ అక్కడికి వెళ్లిందంటే చీరుతుంది. పెడల్ వెనక చెక్క ముక్క పెట్టి సగం దాకానే తొక్కాలి, లేదా 15 పీఎస్ఐ ఒత్తిడి పెట్టే పంపు వాడాలి. నేను మాస్టర్ సిలిండరే మార్చేశాను. క్లచ్ స్లేవ్ సిలిండర్ కూడా మార్చాను. మియాటాలో అది కారడం మామూలే, నిలబడి ఉన్న బండిలో మరీను.

శీతలకరణిలో గ్లైకాల్ (మామూలు కార్లలో పోసే యాంటీఫ్రీజ్) రేసుల్లో చాలాచోట్ల పోయనివ్వరు, ట్రాక్ మీద కారితే నూనెలా జారుతుంది. రేస్ బండ్లలో నీళ్లు, కొంచెం తుప్పు నిరోధకం ఉంటాయి. అదే నీటిని పదకొండేళ్లు వదిలేస్తే లోపలంతా గోధుమరంగు బురద. రేడియేటర్ పై ప్లాస్టిక్ తొట్టి నలుపు పోయి గోధుమ రంగుకు తిరిగి ఉంటే అది పగలబోతోందన్న లెక్క. రేడియేటర్, గొట్టాలు, థర్మోస్టాట్, టైమింగ్ బెల్టు, నీళ్ల పంపు అన్నీ ఒకే విడతలో కొత్తవి వేశాను. బెల్టు ఎలాగూ విప్పుతున్నప్పుడు పంపు వదిలేయడం వృథా. ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి, ఇంధన గొట్టాలు, ఫిల్టర్ మార్చాను. 10 శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలు నీటిని పట్టుకుని ట్యాంకు అడుగున తుప్పు పెడుతుంది.

ఇంజిన్‌ను ఒక్కసారిగా స్టార్ట్ చేయలేదు. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు నూనె పోసి, రాత్రంతా ఉంచి, మర్నాడు చేత్తో క్రాంక్ రెండు చుట్లు తిప్పాను. తర్వాత ఇంధనం, స్పార్క్ ఆపి, నూనె ఒత్తిడి ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పి, అప్పుడు ప్లగ్గులు బిగించాను. హైడ్రాలిక్ టాపెట్లు కాసేపు టకటకలాడతాయి. నూనె వేడెక్కి అరగంటలో అణిగితే భయం లేదు.

ఈ బండిలో ప్రాణం మీదికి తెచ్చే భాగం ముందు చక్రాల హబ్. బేరింగ్, హబ్ కలిసి ఒకే ముక్కగా వస్తాయి, సరిచేసే వీలు లేదు. రేస్ టైర్ల పట్టుకు అవి త్వరగా అరుగుతాయి. అరిగిన హబ్ వదులై డిస్క్ ఊగుతుంది, ఊగిన డిస్క్ ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. పొడుగాటి మలుపు దాటి తర్వాతి బ్రేక్ దగ్గర పెడల్ సగం దాకా ఊరికే పోతుంది. దీన్ని ద్రవం మరగడమని పొరబడి మళ్లీ మళ్లీ గాలి తీసేవాళ్లను చూశాను. ద్రవం మరిగితే పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటుంది, హబ్ అరిగితే రెండో తొక్కుకే గట్టిపడుతుంది. తేడా అదే. జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, కొంచెం కదిలినా మార్చేయాలి. నట్టు ప్రతిసారీ కొత్తది, 170 నుంచి 215 న్యూటన్ మీటర్ల మధ్య బిగించి, అంచును గాడిలోకి కొట్టాలి. అనుమానం ఉన్నప్పుడు తిన్నటి దారిలోనే ఎడమ కాలితో పెడల్‌ను చిన్నగా తట్టి చూసుకోవడం నాకు అలవాటైంది.

టైరు పక్కన చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం. 1412 అంటే 2012లో 14వ వారం. ఆ రబ్బరుకు గాళ్లు ఎంత లోతున్నా పట్టు ఉండదు. కొత్తవి 205/50ఆర్15. చల్లగా 29 పీఎస్ఐతో మొదలుపెట్టి, ట్రాక్ నుంచి రాగానే కొలిచి, వేడిగా 37 దగ్గర నిలిచేలా దించుకుంటూ వచ్చాను. ఇంటికెళ్లాక కొలిస్తే లాభం లేదు. నాలుగు చక్రాల బరువు తూచే పని డ్రైవర్ కూర్చుని, సగం ట్యాంకుతో చేయాలి. నా బరువు 9 కిలోలు పెరిగింది, అందుకని నేలకు బిగించిన అదనపు దిమ్మ నుంచి 9 కిలోలు తీసేశాను. కనీస బరువును డ్రైవరుతో కలిపే లెక్కిస్తారు, రేసు ముగిశాక తూస్తారు. మూలల బరువు మాత్రం మారింది కాబట్టి అడ్డకోణపు లెక్కను (ఎదురుమూలల చక్రాలు రెండూ కలిపి మోసే బరువు శాతాన్ని) మళ్లీ 50 శాతానికి తెచ్చుకోవాల్సి వచ్చింది.

బండి తర్వాత కళ్లు. చత్వారం వచ్చినవాళ్లు ప్రోగ్రెసివ్ అద్దాలతో ట్రాక్ ఎక్కొద్దు. మలుపులో చూపు పక్కకు తిప్పితే అంచుల్లో అంతా వంకరగా కనిపిస్తుంది. దూరపు చూపు ఒక్కటే ఉన్న అద్దాలు, తిన్నటి సన్నటి కాళ్ల ఫ్రేము చేయించుకున్నాను, హెల్మెట్ వేశాక దూర్చడానికి వీలుగా. అప్పుడు మీటర్ల అంకెలు మసకగా కనిపిస్తాయి. అందుకని మీటర్లను వాటి రంధ్రాల్లో తిప్పి, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ముళ్లన్నీ నిటారుగా పైకి చూసేలా బిగించాను. అంకె చదవక్కర్లేదు, ముల్లు వాలితే చాలు తెలిసిపోతుంది. నూనె ఒత్తిడి 20 పీఎస్ఐకి దిగితే వెలిగే పెద్ద ఎర్రదీపం స్టీరింగ్ ఎదురుగా పెట్టాను. వేడి ఇంజిన్ ఐడిల్‌లో అది వెలుగుతుంది. బల్బు బతికే ఉందని అలా తెలుస్తుంది.

టెక్సాస్ వేసవి మరో పరీక్ష. బీపీ మాత్రలు వాడేవాళ్లు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించేవి వాడేవాళ్లు, సూటు వేసుకుని అరగంట కారులో ఉంటామని డాక్టరుకు విడమరిచి చెప్పాలి. ముందు రోజు నుంచే తాగుతూ రావాలి. నేను ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, సెషన్ల మధ్య లీటరుకు ఒకటి చొప్పున కలిపిన ఓఆర్ఎస్ ప్యాకెట్టు తాగుతాను. చల్లటి నీళ్లు తిప్పే చొక్కా కొన్నాను. పెట్టెలో చిన్న ముక్కల ఐసు త్వరగా కరుగుతుంది, సీసాల్లో గడ్డకట్టించినది రెండు సెషన్లు వస్తుంది. పంపు ఆగిందంటే చొక్కాలో నీరు ఒంటి వేడికి కాగుతుంది, వెంటనే గొట్టం విప్పేయాలి.

ట్రాక్ మీద మొదటి రెండు రోజులు రేసు కాదు, శిక్షకుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని 20 నిమిషాల సెషన్లు. సమయం చూడొద్దు. వరసగా అయిదు ల్యాపులు అర సెకను తేడాలో రావాలన్నదే గురి. డేటా చూస్తే నా బలహీనత కనిపించింది. బ్రేక్ ముందుగా వేసి, మెల్లగా, చాలాసేపు తొక్కుతున్నాను. భద్రమనిపిస్తుంది గానీ డిస్కులు ఎక్కువ కాగేది అలాగే. గట్టిగా వేసి త్వరగా వదలాలి. ఇంకోటి గేరు. ఈ పదకొండేళ్లూ నడిపింది ఆటోమేటిక్. మూడు నుంచి నాలుగుకు లాగేటప్పుడు పిడికిలి పట్టి తనవైపు లాక్కుంటే లివర్ రెండులోకి దిగుతుంది, ఇంజిన్ 7,200 హద్దు దాటి వాల్వులు పోతాయి. బొటనవేలు కిందికి, అరచేయి అవతలి వైపుకు పెట్టి లాగితే ఆ తప్పు జరగదు. పదిహేనో నిమిషం నుంచి మలుపు లోపలి అంచును అడుగు దూరంలో తప్పుతున్నానంటే ఏకాగ్రత అయిపోయినట్టే. అప్పుడు లోపలికి వచ్చేసేవాణ్ని.

మొదటి రేసుకు అర్హత సమయంతో నిమిత్తం లేకుండా చివరి వరుస నుంచి వెళతానని అధికారులకు చెప్పాను. స్టార్టు కదులుతూనే ఉంటుంది, నిలబడి కాదు. తలకు రెక్కలున్న సీటులో భుజం మీదుగా చూడలేం, అందుకే వెడల్పు అద్దం తప్పనిసరి. నీలిజెండా (వెనక వేగమైన బండి వస్తోందన్న సూచన) చూపితే మనం వెళ్తున్న దారి మార్చొద్దు. దాటే బాధ్యత వెనకవాడిది, మనం ఎక్కడుంటామో వాడికి ముందే తెలియాలి. దారి ఇద్దామని చివరి క్షణంలో పక్కకు జరగడం వల్లే ఎక్కువ గుద్దుకోవడాలు జరుగుతాయి.

ఆదివారం సాయంత్రం ట్రైలర్ ఎక్కించే ముందే చక్రాలు ఊపి చూశాను. కుడి ముందు హబ్‌లో వెంట్రుకవాసి కదలిక. బ్రేక్ ద్రవం రంగు మారింది. రెండూ పుస్తకంలో రాసుకున్నాను, హార్నెస్ గడువు సంవత్సరం రాసిన పేజీలోనే.