పది నిమిషాలు

పదిహేనేళ్ల తర్వాత మళ్లీ హైదరాబాద్ శివరాంపల్లిలోని జాతీయ పోలీస్ అకాడమీకి వచ్చాను. మొదటిసారి ప్రొబేషనర్‌ని, అంటే కొత్తగా చేరి శిక్షణలో ఉన్న ఆఫీసర్ని. తెల్లవారకముందే పరేడ్ గ్రౌండ్, ఆపైన గుర్రపు స్వారీ, రాత్రయ్యేసరికి కాళ్లు పీకేవి. ఈసారి వచ్చింది మిడ్ కెరీర్ ట్రైనింగ్ నాలుగో దశకి. ఐపీఎస్‌లో దశలవారీగా జరిగే ఈ శిక్షణలు పూర్తి చేయకపోతే పై హోదాలకు దారి ఉండదు. నిజం చెప్పాలంటే, అది అయిపోతే చాలనుకునే వచ్చాను.

క్లాసుల్లో చాలా విషయాలు చెప్పారు. నాకు మిగిలింది మాత్రం ఒక్క మధ్యాహ్నం. ఎవరి సర్వీసులోంచి వాళ్లు ఒక నిర్ణయాన్ని తెచ్చి గ్రూపు ముందు పెట్టాలి. తొమ్మిదేళ్ల కిందట ఎస్పీగా ఉన్నప్పుడు జరిగిన ఒక ఊరేగింపు గొడవ చెప్పాను. రెండు వీధులవాళ్లు దారి కోసం పట్టుబట్టారు. లాఠీచార్జికి ఆర్డర్ ఇచ్చాను. అరగంటలో అంతా సద్దుమణిగింది. పద్నాలుగేళ్ల అబ్బాయికి చెయ్యి విరిగింది.

నేను చెబుతుంటే ఒక ఆఫీసరు బోర్డు మీద టైము ప్రకారం రాస్తూ పోయారు. గుంపుల్ని చెదరగొట్టడానికి అప్పటి నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని సెక్షన్ 129 అయినా, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 148 అయినా, ముందు చెదిరిపొమ్మని ఆదేశం ఇవ్వాలి, వినకపోతే బలప్రయోగం. "ఆదేశం ఇచ్చాం," అన్నాను. "డప్పులు మోగుతుంటే ఎవరికి వినపడింది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

బోర్డు మీద 7.10కీ 7.25కీ మధ్య ఖాళీ ఉంది. ఆ టైములో అక్కడున్న ఎస్‌ఐ వైర్‌లెస్ సెట్‌లో ఏం చెప్పాడని ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన సహచరుడు అడిగాడు. నాకు మాటమాటా గుర్తుంది. "మేడమ్, పెద్దమనుషులతో మాట్లాడుతున్నా, ఒక్క పది నిమిషాలు ఇవ్వండి." నేను ఇవ్వలేదు. పైగా ఆర్డర్ అమలులో జాప్యం చేశావని అతనికి ఛార్జ్ మెమో, అంటే క్రమశిక్షణ చర్య నోటీసు, ఇచ్చాను. ఈ ముక్క చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గదిలో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. ఆ ఖాళీలో "10 నిమిషాలు" అని రాసి కూర్చున్నారు, అంతే.

డీఐజీ స్థాయికి వచ్చాక మన మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఉండరు. క్రైమ్ మీటింగ్‌లో మనం ముందు మాట్లాడితే మిగతావాళ్లంతా దానికే తలూపుతారు. సమాన హోదా ఉన్నవాళ్లు ఎదురుగా కూర్చుంటే తప్ప ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరు అడుగుతారు? ఈ శిక్షణ అవసరమని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

ఆ రాత్రి హాస్టల్ వరండాలోంచి ఆ ఎస్‌ఐకి ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే జిల్లాలో సీఐ. "ఆ రోజు నువ్వు అడిగిన టైము ఇవ్వాల్సింది. మెమో ఇవ్వడం నా తప్పు," అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఆ పిల్లాడు ఊళ్లోనే మోటార్ల వైండింగ్ షాపు పెట్టాడు మేడమ్. చెయ్యి బాగానే ఉంది. అప్పుడప్పుడూ వెళ్లి చూసొస్తుంటా."

ఈ తొమ్మిదేళ్లలో ఆ అబ్బాయి గురించి నేను ఒక్కసారి కూడా అడగలేదు.