ఏ బంధం తెగింది?

మన కాలేజీలో బయోకెమిస్ట్రీ చదివినవాళ్లందరికీ ప్రోటీన్ల పాఠం గుర్తుంటుంది. ప్రాథమిక, ద్వితీయ, తృతీయ, చతుర్థ నిర్మాణాలు: అమైనో ఆమ్లాల వరస, ఆ గొలుసులోని మెలికలు, మొత్తం మడత, గొలుసుల కూర్పు. వాటిని నిలబెట్టే పెప్టైడ్, హైడ్రోజన్, డైసల్ఫైడ్, అయానిక, జలవిరోధి బంధాలు. ఎస్సే ప్రశ్న తప్పకుండా వచ్చే పాఠం. వరసగా రాసి బొమ్మలు వేస్తే మార్కులకు లోటుండదు. మా మేడమ్ మాత్రం ఆ జాబితా అప్పజెప్పించుకుని ఊరుకునేవారు కాదు. ఏ ప్రోటీన్ మాటొచ్చినా, "ఇక్కడ ఏ బంధం తెగిందమ్మా? ఏది తెగలేదు?" అని అడిగేవారు. ఇప్పుడు ఏజెన్సీ ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య వ్యాధి) పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తున్నాను. నాకు అన్నం పెడుతున్నది ఆ ప్రశ్నే.

ఆవిడ చేయించిన ప్రాక్టికల్ ఒకటి రికార్డు పుస్తకంలో లేనిది. రెండు పరీక్షనాళికలు. ఒకదాంట్లో నీళ్లు కలిపిన పచ్చి గుడ్డు తెల్లసొన, రెండోదాంట్లో ఉడికించి మెత్తగా నూరిన తెల్లసొన. రెండింటికీ కాస్టిక్ సోడా ద్రావణం పోసి, కాపర్ సల్ఫేట్ చుక్కలు వేయమన్నారు. ప్రోటీన్ ఉందో లేదో రంగుతో చెప్పే బైయూరెట్ పరీక్ష అదే. ఉడికినదాంట్లో రంగు రాదని మాలో సగం మంది పందెం కట్టారు. కాసేపటికి రెండూ ఊదారంగుకు తిరిగాయి. ఆ రంగు రావాలంటే రాగి అయాను, అమైనో ఆమ్లాలను గొలుసుగా కలిపే పెప్టైడ్ బంధాల్లోని నైట్రోజన్లను పట్టుకోవాలి. అంటే ఉడికినా గొలుసు గొలుసుగానే ఉంది. తెగినవల్లా హైడ్రోజన్ బంధాలు, అయానిక బంధాలు, లోపల నీటికి దూరంగా సర్దుకున్న జలవిరోధి భాగాల పొందిక. మడత విప్పుకున్న గొలుసుల్లోంచి ఆ భాగాలు బయటపడి, పక్క గొలుసులను అంటుకుని పెనవేసుకుంటాయి. మనకు కనపడే తెల్లటి గట్టిదనం అదే.

మరి పెప్టైడ్ బంధాలు తెగాలంటే? 6 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, మూతి మూసిన గొట్టంలో, 110 డిగ్రీల దగ్గర ఇంచుమించు 24 గంటలు ఉంచాలి. గుడ్డు ఉడకడానికి పది నిమిషాలు చాలు. ఈ రెండు సంఖ్యలను బోర్డు మీద పక్కపక్కన రాసి, మేడమ్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నిర్మాణానికి అంతస్తులు ఎందుకు చెప్పుకుంటామో నాకు అర్థమైంది అప్పుడే. ఏ అంతస్తును ఏ బంధం మోస్తోందో తెలియాలి. లేకపోతే ఆ పేర్లు నేర్చుకుని ప్రయోజనం లేదు.

తర్వాత అమెరికా శాస్త్రవేత్త అన్‌ఫిన్‌సెన్ ప్రయోగం. ఆవుల క్లోమగ్రంథిలో దొరికే ఎంజైమ్ రైబోన్యూక్లియేజ్‌లో 124 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో గంధకం ఉన్న ఎనిమిది సిస్టీన్లు జతలు కట్టి నాలుగు డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధాలు ఏర్పరుస్తాయి. బలహీన బంధాలను వదులుచేసే 8 మోలార్ యూరియా, డైసల్ఫైడ్లను తెంచే మెర్కాప్టోఇథనాల్ కలిపితే ఆ నాలుగూ తెగి, మడతంతా విప్పుకుని ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది. ఆ రెండింటినీ తీసేసి గాలి తగలనిస్తే తనంతట తానే మడుచుకుని మళ్లీ పనిలో పడుతుంది. ఎనిమిది సిస్టీన్లు ఎన్ని రకాలుగా జత కట్టగలవో మా చేతే లెక్క కట్టించారు: 7×5×3, అంటే 105. అన్నింట్లో సరైనది ఒక్కటే. యూరియా ఇంకా ఉండగానే డైసల్ఫైడ్లను కట్టనిస్తే జతలు ఇష్టం వచ్చినట్టు పడతాయి, ఎంజైమ్ దాదాపు పనిచేయదు. అంటే గొలుసుకు రూపం ఇచ్చేది డైసల్ఫైడ్ కాదు. అమైనో ఆమ్లాల వరసా, ఆ వరస పురమాయించే బలహీన బంధాలూ ముందు రూపాన్ని కడతాయి. డైసల్ఫైడ్ ఆ కట్టిన రూపానికి బిగింపు వేస్తుంది. అన్‌ఫిన్‌సెన్‌కు 1972లో నోబెల్ వచ్చింది ఈ పనికే. బలాన్ని బట్టి డైసల్ఫైడ్‌ను జాబితాలో ముందు పెట్టే పుస్తకాలు పిల్లలను తప్పుదారి పట్టిస్తున్నాయని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. వందల బలహీన బంధాలు కలిసి పట్టుకున్నా, విప్పుకున్న గొలుసుకూ మడిచిన ప్రోటీన్‌కూ మధ్య తేడా చాలావాటిలో మోల్‌కు 5 నుంచి 15 కిలోక్యాలరీలే. కాస్త వేడి, కాస్త ఆమ్లం చాలు, ఆ తేడా కరిగిపోవడానికి.

ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో తిరగగలదో చూపే జి.ఎన్. రామచంద్రన్ గారి పటం చెప్పిన రోజు మేడమ్ గొంతులో గర్వం ఉండేది. 1963లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో, రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ఆయన వేసిన లెక్క అది. పెప్టైడ్ బంధం తిరగదు, చదునుగా ఉంటుంది. తిరుగుడంతా ఆల్ఫా కార్బన్‌కు అటూ ఇటూ ఉన్న రెండు బంధాల దగ్గరే. ఏ కోణాల్లో తిప్పితే పరమాణువులు ఒకదానికొకటి అడ్డుపడవో గుర్తిస్తే పటంలో చాలా భాగం ఖాళీగా మిగిలిపోయింది. ప్రపంచంలో ఎవరు ప్రోటీన్ నిర్మాణం తేల్చినా, అది సరిగ్గా ఉందా లేదా అని ఇప్పటికీ చూసుకునేది ఈ పటం మీదే.

ఇక నా పని. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తే సికిల్ హీమోగ్లోబిన్. 1957లో శాస్త్రవేత్త ఇన్‌గ్రామ్ తేల్చిన సంగతి ఇది. మేడమ్ ప్రశ్నకు ఇక్కడ వచ్చే జవాబు వేరు: ఏ బంధమూ తెగలేదు. అక్కర్లేని చోట కొత్తది ఒకటి పడింది. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్‌లో ఫినైల్‌అలనీన్ 85, లూసీన్ 88 దగ్గర నీరంటని ఒక గుంట ఉంటుంది. పక్క అణువులోని ఆ వాలీన్ సరిగ్గా అందులోకి దూరుతుంది. అణువు వెంట అణువు చేరి పొడవాటి పోగులు కడతాయి, కణం కొడవలిలా వంగుతుంది. మా ల్యాబులో మొదటి పరీక్ష ఈ కొత్త బంధాన్నే కంటికి చూపిస్తుంది. సోడియం డైథయొనైట్ కలిపి ఆక్సిజన్ తీసేస్తాం. నాళిక వెనక నల్లగీతలున్న కార్డు పెడతాం. మామూలు రక్తమైతే గీతలు కనపడతాయి, సికిల్ హీమోగ్లోబిన్ ఉంటే ద్రావణం మసకబారి గీతలు మాయమవుతాయి. వాహకులా (వ్యాధి లేకుండా లోపాన్ని మోసేవాళ్లా), రోగులా అన్నది దీంతో తేలదు, దానికి ప్రోటీన్లను విద్యుత్తుతో నడిపించి విడదీసే ఎలక్ట్రోఫోరెసిస్ కావాలి. గ్లుటామిక్ ఆమ్లం పోవడంతో ఒక ఋణావేశం తగ్గి, ఈ హీమోగ్లోబిన్ ధనధ్రువం వైపు నెమ్మదిగా నడుస్తుంది. గీత ఎక్కడ ఆగిందో చూపిస్తూ, ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే పిల్లలకు వ్యాధి రావచ్చు కాబట్టి పెళ్లికి ముందు పరీక్ష ఎందుకో పాడేరు వైపు నుంచి వచ్చే కుటుంబాలకు చెబుతుంటాను. 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలయ్యాక ఇలాంటి పరీక్షల అవసరం ఇంకా పెరిగింది.

ఇప్పుడు అమైనో ఆమ్లాల వరస ఇస్తే కంప్యూటరే రూపాన్ని ఊహించి చూపిస్తోంది. ఆ పనికి 2024లో నోబెల్ కూడా వచ్చింది. మన డిపార్ట్‌మెంట్ పిల్లలు దాన్ని తప్పక నేర్చుకోవాలి. దాంతోపాటు, ఇప్పుడు పాఠాలు చెబుతున్న అధ్యాపకులకు నాదొక మనవి. ఆ రెండు నాళికల బైయూరెట్ ప్రాక్టికల్‌ను రికార్డులో చేర్చండి. కాపర్ సల్ఫేట్, కాస్టిక్ సోడా, గుడ్ల ఖర్చు మా బ్యాచ్ చూసుకుంటుంది.